మేజర్ వెర్షన్‌లో కొత్త ఫీచర్ ఒక్కటీ పెట్టలేదు: మా ఫ్రేమ్‌వర్క్ 4.0 ప్లానింగ్‌పై కేస్ స్టడీ

ఒక ఓపెన్ సోర్స్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌ను చూసుకునే నలుగురు మెయింటెయినర్లలో నేను ఒకడిని. వెబ్ అప్లికేషన్లు కట్టుకోవడానికి పునాదిగా వాడే, సర్వర్ వైపు పనిచేసే కోడ్ అది. రూటింగ్ (ఏ యూఆర్‌ఎల్‌కు ఏ కోడ్ నడవాలో చూసేది), ఫారాలు, టెంప్లేట్లు, డేటాబేస్ లేయర్ అన్నీ ఒకేచోట ఉంటాయి. 3వ వెర్షన్ నుంచి 4వ వెర్షన్‌కు వెళ్లడానికి మేం రెండుసార్లు ప్లాన్ వేశాం. మొదటి ప్లాన్ మీద ఎనిమిది నెలలు పనిచేసి ఆపేశాం. రెండోదాన్ని చివరిదాకా తీసుకెళ్లాం. ఆ రెండు ప్లాన్ల మధ్య ఏం మారిందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇలాంటి పనికి దిగబోతున్న మెయింటెయినర్లకు, ఇలాంటి ఫ్రేమ్‌వర్క్‌ల మీద అప్లికేషన్లు నడుపుతున్నవాళ్లకు ఉపయోగపడుతుందని నమ్ముతున్నాను.

మొదటి ప్లాన్

3.0 వచ్చి ఆరేళ్లు దాటింది. మేం వాడే లాంగ్వేజ్ పాత వెర్షన్లకు సపోర్ట్ ముగిసిపోతోంది. రిక్వెస్ట్ హ్యాండ్లింగ్ అంతా సింక్రనస్‌గా (ఒక పని పూర్తయ్యేదాకా ఆగి తర్వాతిది చేసేలా) ఉంది, అసింక్ కావాలని యూజర్లు చాలాకాలంగా అడుగుతున్నారు. రూటర్‌లో రెగెక్స్‌లు (టెక్స్ట్ నమూనాలను వెతికే సూత్రాలు) పేరుకుపోయి, కొత్తవాళ్లెవరూ దాన్ని ముట్టుకోవడానికి సాహసించడం లేదు. ఇన్ని కారణాలు ఒకేసారి కనిపిస్తే ఎవరికైనా మొదట తట్టే ఆలోచనే మాకూ తట్టింది. పాతదాన్ని పక్కనపెట్టి మొదటి నుంచి శుభ్రంగా రాద్దాం అనుకున్నాం.

కొత్త బ్రాంచ్ (కోడ్‌కు వేరుగా నడిచే ప్రతి) తెరిచాం. మొదటి రెండు నెలలు పని చాలా హాయిగా సాగింది. పాత కోడ్‌తో పొత్తు లేదు, యూజర్ల గొడవ లేదు. మూడో నెలలో 3.x లో (3వ వెర్షన్ వరుసలో) ఒక సెక్యూరిటీ లోపం బయటపడింది. దాన్ని సరిచేసి కొత్త బ్రాంచ్‌లోకి తేబోతే, అక్కడ ఆ ఫైలే లేదు. అదే లోపం కొత్త కోడ్‌లో మరో రూపంలో ఉందో లేదో చూడటానికి ఇద్దరికి నాలుగు రోజులు పట్టింది. అప్పటి నుంచి ప్రతి ఫిక్స్‌దీ ఇదే కథ. రెండు బ్రాంచ్‌లు నెలనెలా దూరమవుతూ పోయాయి. ఎనిమిదో నెలకు వెనక్కి తిరిగి చూసుకుంటే, బయటి మనిషి ఒక్కరు కూడా ఆ బ్రాంచ్ మీద ఒక్క అప్లికేషన్‌ను నడిపి చూడలేదు. మాకు నచ్చిన డిజైన్ మా దగ్గరే ఉండిపోయింది.

ఆ బ్రాంచ్‌ను మొదలుపెట్టింది నేనే కాబట్టి, ఆపుదామని చెప్పాల్సిన బాధ్యత కూడా నాదే అనిపించింది. ఒక కాల్‌లో ఆ మాట అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకరు, "సరే, మనకంటే ముందు ఈ దారిలో వెళ్లినవాళ్లకు ఏమైందో చూద్దాం" అన్నారు.

ముందు వెళ్లినవాళ్లకు ఏమైంది

రెండు వారాలు కోడ్ ఆపేసి ఇతర ప్రాజెక్టుల చరిత్ర చదివాం. ఈ పనిలో మేం పెట్టిన సమయాల్లో అత్యంత లాభం ఇచ్చింది ఈ రెండు వారాలే.

వెబ్ ఫ్రేమ్‌వర్క్ యాంగ్యులర్ సంగతి అందరికీ తెలిసిందే. యాంగ్యులర్ 2 రూపురేఖలను 2014 అక్టోబర్‌లో బయటపెట్టారు. పాత వెర్షన్ అయిన యాంగ్యులర్‌జేఎస్ నుంచి దానికి ఎలా మారాలో అప్పటికి స్పష్టంగా చెప్పలేదు. ఫైనల్ రిలీజ్ 2016 సెప్టెంబర్‌లో వచ్చింది. మధ్యలో దాదాపు రెండేళ్లు. ఆ రెండేళ్లలో కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టాల్సిన టీమ్ పరిస్థితి ఊహించుకోండి. పాతదాంట్లో మొదలుపెడితే రేపు మళ్లీ రాయాలి, కొత్తది ఇంకా రాలేదు. పాత, కొత్త కోడ్‌లను ఒకే అప్లికేషన్‌లో పక్కపక్కన నడిపే దారి తర్వాత ఇచ్చారు, అది చాలామందిని ఆదుకుంది. మాకు అర్థమైంది ఏమిటంటే, ఆ దారి మొదటి ప్రకటనలోనే ఉండాల్సింది.

వెబ్‌సైట్లను నిర్వహించే సాఫ్ట్‌వేర్ ద్రుపల్ కథ మాకు ఇంకా దగ్గరగా అనిపించింది, ఎందుకంటే ఒకే ప్రాజెక్టు రెండు పద్ధతులనూ చూసింది. 7 నుంచి 8కి వెళ్లినప్పుడు లోపలి నిర్మాణం మొత్తం మారింది. మాడ్యూళ్లు తిరగరాయాల్సి వచ్చింది. 8వ వెర్షన్ 2015 నవంబర్‌లో వస్తే, 7వ వెర్షన్ సపోర్ట్ గడువును పలుమార్లు పొడిగించి చివరికి 2025 జనవరిలో ముగించారు. అదే ప్రాజెక్టు 2020 జూన్‌లో 9.0 ఇచ్చినప్పుడు, అది దాదాపుగా 8.9 లోంచి డెప్రికేట్ అయిన (ఇక వాడొద్దని ముందే హెచ్చరించిన) కోడ్‌ను తీసేసి, డిపెండెన్సీల (తాను ఆధారపడే బయటి లైబ్రరీల) వెర్షన్లను పెంచిన వెర్షన్. 8.9 లో వార్నింగులన్నీ సరిచేసుకున్నవాళ్లకు 9.0 పెద్ద పని కాలేదు.

సింఫనీ అనే ఫ్రేమ్‌వర్క్ కూడా అంతే. 1 నుంచి 2కు మొత్తం తిరగరాశారు. ఆ తర్వాత పద్ధతి మార్చుకున్నారు. 2019 నవంబర్‌లో 4.4, 5.0 రెండూ కలిసే వచ్చాయి. రెండింట్లో ఫీచర్లు ఒకటే, 5.0 లో డెప్రికేట్ అయినవి ఉండవు. 2015 ఆగస్టు నాటి ఎంబర్ 2.0 కూడా తీసివేతల వెర్షనే. 2020 అక్టోబర్‌లో వచ్చిన రియాక్ట్ 17ను అయితే వాళ్లే కొత్త ఫీచర్లు లేని రిలీజ్ అని ప్రకటించారు.

వెబ్ ఫ్రేమ్‌వర్క్ కాక ప్రోగ్రామింగ్ లాంగ్వేజే అయినా పైథాన్ 3ని వదల్లేకపోయాం. 2008 డిసెంబర్‌లో 3.0 వచ్చింది. పాత కోడ్‌ను ఒక టూల్‌తో ఒకసారి మార్చేసుకుంటే సరిపోతుందన్నది మొదటి అంచనా. కానీ లైబ్రరీ రాసేవాళ్లకు రెండువైపులా యూజర్లున్నారు. వాళ్లకు కావాల్సింది రెండు వెర్షన్లలోనూ నడిచే ఒకే కోడ్. అందుకే 2012లో వచ్చిన 3.3 లో, స్ట్రింగ్ ముందు "యు" అక్షరం పెట్టే పాత రాత పద్ధతిని తిరిగి అనుమతించారు. మార్పు చిన్నదే, కానీ ఎంతోమందికి పని తేలికైంది. మా రెండో ప్లాన్‌కు పునాది ఈ ఒక్క ఉదాహరణ.

రెండో ప్లాన్

మేం రాసుకున్నది ఒకే పేజీ. 4.0 లో కొత్త ఫీచర్ ఒక్కటి కూడా ఉండదు. కొత్తవన్నీ 3.x మైనర్ రిలీజుల్లోనే (3.7, 3.8 వంటి చిన్న వెర్షన్లలోనే) వస్తాయి, కావాలనుకున్నవాళ్లే ఆన్ చేసుకుంటారు. తీసేయాలనుకున్న ప్రతిదానికీ ముందుగా ప్రత్యామ్నాయం రావాలి, ఆ తర్వాత కనీసం రెండు మైనర్ వెర్షన్ల పాటు వార్నింగ్ ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, చివరి 3.x అయిన 3.9 లో ఒక్క వార్నింగ్ కూడా లేకుండా నడిచే కోడ్, ఏ మార్పూ లేకుండా 4.0 లో నడవాలి.

ఈ చివరి నియమం ప్లగిన్లు (ఫ్రేమ్‌వర్క్‌కు తగిలించుకునే అదనపు భాగాలు) రాసేవాళ్ల కోసం పెట్టుకున్నాం. ప్లగిన్ ఆథర్ 4.0 కోసం వేరే బ్రాంచ్ పెట్టుకోవాల్సి వస్తే సగం మంది పెట్టుకోరు. వాళ్లూ ఖాళీ సమయంలో ఉచితంగా పనిచేసేవాళ్లే. ప్లగిన్లు రాకపోతే అప్లికేషన్లు రావు. అప్లికేషన్లు రాకపోతే కొత్త వెర్షన్ ఎంత బాగున్నా మ్యూజియంలో బొమ్మే.

కష్టమైన సంభాషణ ఒకటి మిగిలింది. పాత బ్రాంచ్‌లో కొత్త రూటర్‌ను ఒక కంట్రిబ్యూటర్ నెలల తరబడి కూర్చుని రాశారు. అది 4.0 లో పెద్ద ఆకర్షణగా వస్తుందని ఆయన ఆశ. 4.0 లో రాదు, 3.7 లో ఐచ్ఛికంగా వస్తుందని చెబితే బాధపడ్డారు. ఆ బాధ న్యాయమైనదే. అయినా 3.7 లో వచ్చిన మూడో వారంలోనే ఒక యూజర్ నుంచి ఇష్యూ వచ్చింది. వాళ్ల యూఆర్‌ఎల్‌లో ఫైల్ పేరు ఒక భాగం, ఆ పేర్లలో కొన్నిటిలో స్లాష్ ఉంది, దాన్ని ఎన్‌కోడ్ చేసి (వేరే గుర్తులుగా మార్చి) పంపుతున్నారు. పాత రూటర్ ముందు రూట్‌ను మ్యాచ్ చేసి తర్వాత డీకోడ్ చేసేది. కొత్తది ముందే డీకోడ్ చేస్తోంది. దాంతో ఒక ఫైల్ పేరు రెండు ముక్కలై 404 (పేజీ దొరకలేదన్న ఎర్రర్) వస్తోంది. మా టెస్టుల్లో ఎక్కడా ఈ సందర్భం లేదు. బ్రాంచ్‌లో మరో ఏడాది ఉన్నా దొరికేది కాదు. రూటర్ రాసినాయనే రెండు రోజుల్లో సరిచేశారు. 4.0 వచ్చేనాటికి ఆ రూటర్ నిజమైన ట్రాఫిక్‌లో ఏడాది పైగా నలిగి ఉంది.

ఖాళీ స్ట్రింగ్ గొడవ

తీసేయాలన్నవాటి జాబితా తయారయ్యాక ఒక్కోదాన్నీ ఒకే ప్రశ్న అడిగాం: ఇది మారితే యూజర్‌కు ఎప్పుడు తెలుస్తుంది? అప్లికేషన్ స్టార్ట్ కాగానే ఎర్రర్ వస్తే మంచిదే. ఆ పేజీ తెరిచినప్పుడు ఎర్రర్ వస్తే కాస్త ఇబ్బంది, అయినా తెలుస్తుంది. ఎర్రరే రాకుండా ఫలితం మారిపోతే మాత్రం అది ఎంత చిన్న మార్పైనా ప్రమాదం. ఈ మూడోరకం మార్పులను "నిశ్శబ్ద మార్పులు" అని పిలుచుకున్నాం. వాటిని 4.0 లోకి రానివ్వకూడదని తీర్మానించుకున్నాం.

అందులో ఒకదాని గురించి మాత్రం పూర్తిగా చెప్పాలి. 3.x లో యూజర్ ఫారంలో ఏదైనా ఫీల్డ్ నింపకుండా వదిలేస్తే కోడ్‌కు ఖాళీ స్ట్రింగ్ అందేది. దాన్ని నల్‌గా (విలువే లేదని చెప్పే గుర్తుగా) మార్చాలని మా కోరిక. కారణం బలమైనదే. ఈమెయిల్ ఐచ్ఛికం, కానీ ఇస్తే మాత్రం యునీక్‌గా ఉండాలి అనుకోండి. ఇద్దరు ఖాళీగా వదిలేస్తే రెండు ఖాళీ స్ట్రింగులు యునీక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదన్న డేటాబేస్ నియమం) దగ్గర ఢీకొంటాయి. నల్ అయితే పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ వంటి డేటాబేస్‌లలో ఎన్నయినా ఉండొచ్చు. పైగా ఒరాకిల్ ఖాళీ స్ట్రింగ్‌ను నల్‌గానే చూస్తుంది కాబట్టి, డేటాబేస్‌ను బట్టి మా ప్రవర్తన అప్పటికే తేడాగా ఉంది. నలుగురం ఒప్పుకున్నాం. ప్రతిపాదనను బహిరంగంగా పెట్టాం.

ఐదో రోజున ఒక యూజర్ స్పందించారు. వాళ్ల అప్లికేషన్‌లో ఫోన్ నంబర్ ఇవ్వని కస్టమర్ల లిస్టు చూపే స్క్రీన్ ఉంది. క్వెరీలో ఫోన్ కాలమ్ ఖాళీ స్ట్రింగ్‌కు సమానమా అని చూస్తారు. అప్‌గ్రేడ్ అయిన మర్నాటి నుంచి కొత్త కస్టమర్లకు ఆ కాలమ్‌లో నల్ పడుతుంది. పాతవాళ్లకు ఖాళీ స్ట్రింగ్ ఉంటుంది. స్క్రీన్ పాతవాళ్లనే చూపిస్తూ ఉంటుంది. ఎర్రర్ రాదు, టెస్టులు ఫెయిల్ కావు, లాగ్‌లో గీత కూడా పడదు. లిస్టు పెరగడం ఆగిపోయిందని ఎవరో గమనించడానికి నెలలు పట్టొచ్చు. అప్పుడు పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లినా, ఈలోగా పడిన డేటా రెండు రకాలుగానే ఉంటుంది.

ఆ కామెంట్ చదివాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. యూజర్లు ఎక్కువయ్యేకొద్దీ, మనం మాట ఇచ్చినా ఇవ్వకపోయినా సిస్టమ్‌లో బయటకు కనిపించే ప్రతి ప్రవర్తన మీదా ఎవరో ఒకరు ఆధారపడతారని హైరమ్స్ లా చెబుతుంది. అది మాకు తెలిసిన సూత్రమే. అయినా నలుగురం కలిసి ఆ మార్పును ఆమోదించాం.

పరిష్కారానికి రెయిల్స్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ పద్ధతి దారి చూపింది. రెయిల్స్‌లో అప్లికేషన్ కాన్ఫిగరేషన్‌లో ఏ వెర్షన్ డిఫాల్ట్‌లు కావాలో రాసుకుంటారు. ఫ్రేమ్‌వర్క్‌ను పెంచినా ఆ లైన్ మార్చేదాకా అలా కట్టిపెట్టిన ప్రవర్తనలు పాతవే నడుస్తాయి. మేం దానికి ఒక మెలిక కలిపాం. ఖాళీ ఫీల్డ్‌ను ఎలా చూడాలన్నది ఒక సెట్టింగ్ అయింది. కొత్త ప్రాజెక్టుల్లో అది నల్ అని రాసే వస్తుంది. పాత ప్రాజెక్టుల్లో ఆ సెట్టింగ్ లేకపోతే 3.8 నుంచి వార్నింగ్ వస్తుంది, 4.0 లో అప్లికేషన్ స్టార్టే కాదు. ఏ ఫైల్‌లో ఏ లైన్ చేర్చాలో, రెండు ఎంపికల్లో ఏది ఎంచుకుంటే ఏమవుతుందో మెసేజ్‌లోనే ఉంటుంది. పాత ప్రవర్తనే కావాలంటే ఒక్క లైన్ రాసుకుంటే చాలు. ఇక అది ఎవరికీ తెలియకుండా జరిగే మార్పు కాదు. మా జాబితాలోని మిగతా నిశ్శబ్ద మార్పుల్లో చాలావాటికి ఇదే మందు వేశాం. మందు పనిచేయని మూడింటిని ప్లాన్‌లోంచే తీసేశాం.

వార్నింగులు, టూల్, ప్లగిన్లు

వార్నింగ్ అంటే ఒక వాక్యమే కదా అనుకున్నాం. మొదట్లో మేం రాసినవి "ఈ ఫంక్షన్ డెప్రికేట్ అయింది" అన్నంత మాత్రమే. అది చదివినవాళ్లు ఏం చేయాలి? ఏ ఫైల్‌లో, ఎన్నో లైన్‌లో, బదులుగా ఏది వాడాలి, ఏ వెర్షన్‌లో తీసేస్తారు అన్న నాలుగూ లేని వార్నింగ్‌ను తర్వాత మెర్జ్ చేయలేదు (మెయిన్ కోడ్‌లో కలపలేదు). ఒకేచోటి వార్నింగ్ లాగ్‌లో వేలసార్లు పడుతుంటే జనం మొత్తానికే ఆఫ్ చేసేస్తున్నారని తెలిసి, ఒక్కో లైన్‌కు ఒక్కసారే చూపించేలా మార్చాం. తప్పు ప్లగిన్ లోపల ఉంటే ప్లగిన్ పేరు చెప్పడం కూడా తర్వాతే చేర్చాం. అంతకుముందు యూజర్లు తమ కోడ్‌లో లేని తప్పు కోసం గంటలు వెతుక్కున్నారు.

పేర్ల మార్పు, ఆర్గ్యుమెంట్ల క్రమం వంటి యాంత్రికమైన పనులకు కోడ్‌ను ఆటోమేటిక్‌గా మార్చే టూల్ ఇచ్చాం. రెగెక్స్‌తో కాకుండా సింటాక్స్ ట్రీ (కోడ్ వ్యాకరణ నిర్మాణం) మీద పనిచేసేలా రాశాం. మొదటి వెర్షన్ ఫైల్ మొత్తాన్ని తన ఇష్టం వచ్చిన ఫార్మాట్‌లో తిరిగి రాసేది. మారింది రెండు లైన్లు, డిఫ్‌లో (ఏం మారిందో చూపే జాబితాలో) కనిపించేది నాలుగు వందల లైన్లు. అలాంటి డిఫ్‌ను ఎవరు రివ్యూ చేస్తారు? మార్చాల్సిన చోటు తప్ప మిగతా అక్షరాన్ని ముట్టుకోకుండా చేయడానికి, అసలు టూల్ రాయడానికన్నా ఎక్కువ కాలం పట్టింది. ఆ కాలం వృథా కాలేదు. టూల్‌కు అనుమానం వచ్చిన చోట కోడ్ మార్చదు, పక్కన ఒక కామెంట్ పెట్టి వదిలేస్తుంది.

ప్లగిన్ల విషయంలో రస్ట్ అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ వాళ్ల క్రేటర్ మాకు ఆదర్శం. కంపైలర్‌లో మార్పు వస్తే బయట పబ్లిష్ అయిన లైబ్రరీలను దానితో బిల్డ్ చేసి, టెస్టులు నడిపి, ఏవి విరిగాయో చూసే టూల్ అది. మా దగ్గర అంత పెద్ద మెషీన్లు లేవు. ఎక్కువమంది ఆధారపడే ప్లగిన్లను ఎంచుకుని, వాటి టెస్టులను రోజూ రాత్రి మా మెయిన్ బ్రాంచ్‌తో నడిపాం. విరిగితే, ముందు మా తప్పేమోనని చూసేవాళ్లం. సగానికి సగం సార్లు మా తప్పే. ప్లగిన్‌లో మార్చాల్సి వస్తే పుల్ రిక్వెస్ట్ (మార్చిన కోడ్‌ను కలుపుకోమనే ప్రతిపాదన) మేమే పంపేవాళ్లం. ఒక ముఖ్యమైన ప్లగిన్ ఆథర్ ఎన్నిసార్లు రాసినా పలకలేదు. చివరికి ఆ ప్లగిన్ పిలిచే రెండు పాత ఫంక్షన్లను వేరే చిన్న ప్యాకేజీగా విడదీసి, అవసరమైనవాళ్లు ఇన్‌స్టాల్ చేసుకునేలా ఇచ్చాం.

తేదీలు

"అయ్యాక వస్తుంది" అన్న పద్ధతికి ఎక్స్‌ప్రెస్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ 5వ వెర్షన్ మంచి ఉదాహరణ. దాని మొదటి ఆల్ఫా 2014లో వచ్చింది, స్టేబుల్ రిలీజ్ 2024లో. కొద్దిమంది వాలంటీర్లు మోసే ప్రాజెక్టులో అలా జరగడం ఎంత సులభమో మాకు స్వయంగా తెలుసు కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం. మేం మాత్రం జాంగో, సింఫనీ ఫ్రేమ్‌వర్క్‌ల లాగా క్యాలెండర్ పట్టుకున్నాం. జాంగో సుమారు ఎనిమిది నెలలకోసారి వస్తుంది, సింఫనీ మే, నవంబర్ నెలల్లో వస్తుంది. తేదీకి అందని పని తర్వాతి రిలీజ్‌కు వెళ్తుంది, అంతే. మేజర్ వెర్షన్‌లో కొత్త ఫీచర్లు లేకపోవడం ఇక్కడ మాకు ఊహించని వరమైంది. ఏ ఫీచర్ కోసమూ 4.0 ఆగాల్సిన పని లేదు. ఇచ్చిన తేదీకే వచ్చింది.

3.9 కు సెక్యూరిటీ సపోర్ట్ ఎంతకాలం అన్నదాని మీద మాత్రం వాదన గట్టిగానే నడిచింది. వ్యూ అనే ఫ్రేమ్‌వర్క్ 3వ వెర్షన్ 2020 సెప్టెంబర్‌లో వస్తే వ్యూ 2ను 2023 డిసెంబర్ చివరిదాకా చూసుకున్నారు. మా నలుగురికి అంత బలం లేదు. ఏడాది చాలని ఒకరు, మూడేళ్లు కావాలని ఒకరు అన్నారు. అప్‌గ్రేడ్ ఒక్కటే పనిగా ఎవరూ కూర్చోరు, బడ్జెట్‌లో చేరాలి, ప్లాన్‌లో చేరాలి, ఆ మధ్యలో ఒక పెద్ద సీజన్ గడవాలి. ఇవన్నీ లెక్కేసుకుని రెండేళ్లు అన్నాం. ఆ తేదీని 4.0 రిలీజ్ రోజే ప్రకటించాం, ఆ తర్వాత మార్చలేదు.

రిలీజ్ తర్వాత

బీటాలు, ఆర్‌సీలు (అసలు రిలీజ్‌కు ముందు పరీక్షించడానికిచ్చే వెర్షన్లు) వదిలాం. ప్రయత్నించి చూసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అసలు రిలీజ్ వచ్చాకే జనం చూస్తారని ముందే అనుకుని, తర్వాతి రెండు వారాలు వేరే పనేదీ పెట్టుకోకుండా నలుగురం ఖాళీగా ఉంచుకున్నాం. నాలుగో రోజుకు 4.0.1 వచ్చింది, తొమ్మిదో రోజుకు 4.0.2. రెండూ చిన్నవే. 3.9 లో వార్నింగులు లేని కోడ్ 4.0 లో విరిగిన సందర్భాలు రెండే రెండు తేలాయి. రెండూ మా నియమానికి మేం చేసిన ఉల్లంఘనలే కాబట్టి, వాటిని ఫీచర్ కోరికలుగా కాక బగ్స్‌గానే చూసి సరిచేశాం.

మైగ్రేషన్ గైడ్ దగ్గర మాత్రం పొరపాటు చేశాం. చివరి రెండు నెలల్లో కూర్చుని రాశాం. మూడేళ్ల క్రితం ఒక మార్పు ఎందుకు చేశామో గుర్తులేక, మా పాత చర్చలను మేమే తవ్వుకోవాల్సి వచ్చింది. ఒకట్రెండు చోట్ల గైడ్‌లో కారణం తప్పుగా పడింది. యూజర్లు పట్టుకున్నారు. ఇప్పుడు డెప్రికేషన్ చేర్చే పుల్ రిక్వెస్ట్‌లోనే గైడ్‌లో రావాల్సిన పేరా కూడా ఉండాలి. లేకపోతే టెస్టులు పాసైనా మెర్జ్ చేయం.

3.9 చివరి సెక్యూరిటీ రిలీజ్‌ను మొన్ననే ఇచ్చాం. ఫోన్ నంబర్ల స్క్రీన్ గురించి హెచ్చరించిన ఆ యూజర్ 4.2 కు మారారు, ఖాళీ స్ట్రింగ్ సెట్టింగ్‌ను పాత పద్ధతిలోనే ఉంచుకున్నారు. 5.0 కోసం తెరిచిన ఫైల్‌లో ఇప్పటికి పదకొండు లైన్లున్నాయి, అన్నీ తీసేయాల్సినవే. ఆ సెట్టింగ్‌ను తీసేద్దామన్న లైన్ ఒకటి అందులో ఉండేది, దాన్ని గత వారమే కొట్టేశాం.